వంగిన మోటారుసైకిలు చట్రము: బాగుచేయుటయా, మార్చుటయా?

మన గ్రామములలో నిప్పుడు ఎడ్లబండి లేని యిండ్లు పెక్కులు కలవు గాని మోటారుసైకిలు లేని యిల్లు అరుదు. తెల్లవారుజామున పాలక్యానులను కేంద్రమునకు చేర్చునది యదియే. ఎరువుబస్తాను పొలముగట్టునకు మోయునది యదియే. సాయంకాలము భార్యాబిడ్డలను బంధువుల యింటికి కొనిపోవునదియు నదియే. ఇట్టి వాహనము దెబ్బతిన్నపుడు రైతు పడు తొందర మాకు తెలియనిది కాదు. మఱునాటి పాలకు బండి కావలయును. చేతిలో సొమ్ము తక్కువ. కావున దగ్గఱనున్న వెల్డింగుకొట్టునకు తోలుకొనిపోయి, “ఎట్లో ఒకట్లు నడచునట్లు చేయుము” అని యప్పగించి వచ్చుచున్నాడు. అద్దము, దీపము, మడ్‌గార్డు మొదలగువానిని ఎట్లు సరిచేసినను పెద్ద నష్టము లేదు. చట్రము మాత్రము అట్టిది కాదు. దానిని గూర్చి సంఘసభ్యులు తెలిసికొనవలసిన సంగతులను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

మేము చెప్పబోవు దానిని ముందే ఒక్కమాటలో చెప్పెదము. చట్రము విషయమున కంటితో తీర్పు చెప్పరాదు, కొలిచి తీర్పు చెప్పవలయును. కొలువక బాగుచేయించినవాడు ప్రాణమునకు ముప్పు తెచ్చుకొనును. కొలువక పాఱవేసినవాడు అక్కఱలేని వ్యయము చేయును.

చట్రము చేయు పని

పనివారు దీనిని చాసీ యనియు, ఫ్రేము అనియు పిలుతురు. ఎడ్లబండిలో నొగలు, ఇరుసు, కాడి యెట్లు ఒకదానికొకటి సరిగ నుండవలయునో, మోటారుసైకిలులో రెండు చక్రములును అట్లే ఒకే వరుసలో నుండవలయును. వానిని ఆ వరుసలో నిలుపునదే చట్రము. దీనికి రెండు ముఖ్యస్థానములు కలవు. మొదటిది ముందుభాగముననున్న తల. హ్యాండిలుకాడ కోన్ సెట్టులో తిరుగునది ఇచ్చటనే. రెండవది వెనుకచక్రమును పట్టియుండు స్వింగ్ ఆర్మ్ ఊగుచుండెడి పెద్దబోల్టు. ఈ రెంటికి నడుమ ఇంజను బిగింపబడి యుండును.

అన్ని బండ్ల చట్రములును ఒక్కతీరున నుండవు. స్ప్లెండర్ వంటి బండ్లలో గొట్టములు రెండుగా చీలి ఇంజను క్రిందుగ పోయి దానిని ఊయలవలె పట్టియుండును. పాత బుల్లెట్టుబండ్లలో ముందుగొట్టము ఒక్కటియే వచ్చి ఇంజను దగ్గఱ ఆగును. అక్కడినుండి ఇంజనే చట్రములో నొక భాగమై బరువు మోయును. అట్టి బండ్లలో ఇంజనుబోల్టులు వదులైనను చట్రము వదులైనట్లే యని గ్రహింపవలయును.

చట్రము తల నిటారుగ నుండదు. సాధారణపు బండ్లలో నది సుమారు 25 మొదలు 28 డిగ్రీల వఱకు వెనుకకు వాలియుండును. హ్యాండిలుకాడ వెంబడి ఒక దారమును నేలవఱకు సాగదీసితి మనుకొనుడు. ఆ దారము నేలను తాకుచోటు, ముందుటైరు నేలను తాకుచోటికి కొన్ని అంగుళములు ముందుగ నుండును. తాడుపట్టి నడిపించిన దూడ మనిషి వెనుకనే వచ్చినట్లు, టైరు ఆ ముందుచోటును వెంబడించుచు వచ్చును. బండి తనంతట తాను తిన్నగ పోవుటకు ఇదియే కారణము. తల వెనుకకు నెట్టబడినచో ఈ యెడము తగ్గిపోవును. అప్పుడు హ్యాండిలు నిలుకడ తప్పును. వేగమున పోవునపుడు వణకును. తల ప్రక్కకు మెలితిరిగినచో బండి ఒకవైపునకు లాగును.

వంపు ఎంత స్వల్పమైనను ఫల మెంత పెద్దదో ఒక లెక్కచే తెలియగలదు. తలనుండి ముందుచక్రపు ఇరుసువఱకు సుమారు 60 సెంటీమీటర్లున్నదనుకొందము. తలకడ ఒక్క డిగ్రీ వంగినచో ఇరుసుకడ ఒక సెంటీమీటరు జరుగును. పైన చెప్పిన యెడములో సుమారు 6 మిల్లీమీటర్లు తగ్గును. ఒక డిగ్రీ వంపును ఎంతటి పనివాడైనను కంటితో కనిపెట్టజాలడు. అందుచేతనే కొలత యనుచున్నాము.

దెబ్బ ఎట్లు ప్రాకును

బండి గోడనో పశువునో ఎదురుగ గుద్దినపుడు దెబ్బ ముందుగ రిమ్మునకు తగులును. అటుపిమ్మట ఫోర్కుగొట్టములకు, ఆపైన తలకు ప్రాకును. దెబ్బ చిన్నదైనచో ఫోర్కు వంగి, చట్రమును కాపాడును. దెబ్బ పెద్దదైనచో తల క్రిందిభాగము ఇంజనువైపునకు నెట్టబడును. అప్పుడు తలకు వెనుకగ, టాంకు క్రిందనున్న గొట్టముల మీదను, ముందుగొట్టము మీదను రంగు పగులును, లేక సన్నని ముడుతలు పడును. కావున టాంకు విప్పకుండ చట్రమును పరీక్షించితి మనువాని మాట నమ్మరాదు.

బండి ప్రక్కకు పడినపుడు సాధారణముగ కాలిపెడలు, స్టాండు, హ్యాండిలు వంగును గాని చట్రమునకు ముప్పు తక్కువ. వెనుకనుండి మఱియొక బండి గుద్దినచో స్వింగ్ ఆర్మ్‌ను, దానిని పట్టియున్న పెద్దబోల్టు స్థానమును చూడవలయును. బరువుతో సహా కాలువలోనికి దిగబడిన బండి మెలితిరిగి యుండవచ్చును.

ఇంటికడనే చేయదగిన కొలతలు

ఈ కొలతలకు కావలసినవి దారము, కొలతటేపు, తాపీమేస్త్రీలు గోడకు పట్టు గుండుదారము, చదునైన గచ్చు. సహాయమునకు ఒక మనిషి యుండిన చాలును.

మొదటిది: హ్యాండిలు వంకరగ నున్నంతమాత్రమున భయపడరాదు. చిన్నదెబ్బలలో ఫోర్కుగొట్టములు తమ పట్టులలోనే కొంచెము తిరిగిపోవుట కలదు. పైపట్టు, క్రిందిపట్టు బోల్టులను, చక్రపు ఇరుసును వదులుచేసి, చక్రమును తిన్నగ నిలిపి మరల బిగించినచో హ్యాండిలు సరియగును. ఇందుకు మెకానిక్కునకు ఇచ్చు కూలి తప్ప వేఱు వ్యయము లేదు.

రెండవది దారపుపరీక్ష. బండిని నడిమిస్టాండుపై నిలిపి, దారమును వెనుకటైరు వెనుకభాగమునకు నడుమ చుట్టి, దాని రెండుకొనలను ఇరుప్రక్కల ముందుచక్రము దాటునట్లు లాగవలయును. స్టాండునకు గాని మఱి దేనికి గాని తగులని ఎత్తున దారముండవలయును. ఇరువైపులను దారము వెనుకటైరు ముందంచును, వెనుకంచును తాకీతాకనట్లుండవలయును. అప్పుడు ముందుచక్రమును దారములకు సమముగ తిన్నగ నిలిపి, ఇరువైపుల ఎడమును కొలువవలయును. ముందుటైరు సన్నదైనచో ఇరుప్రక్కల సమానమగు సందు కనబడును. సందు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువయైనచో, ముందుగ వెనుకచక్రపు చెయిను సవరింపుబోల్టులు ఇరువైపుల సమముగ నున్నవో లేవో చూచి, సరిచేసి, మరల కొలువవలయును. అప్పటికిని తేడా పోకున్నచో ఎచ్చటనో వంపు కలదనుట నిశ్చయము.

మూడవది గుండుదారపు పరీక్ష. వెనుకచక్రమును గుండుదారముతో నిలువుగ నిలిపి, ముందుచక్రమును తిన్నగ నుంచి, దానికిని గుండుదారము పట్టవలయును. ఒకటి నిలువుగను, ఒకటి ఒరిగియు నున్నచో ఫోర్కు గాని తల గాని మెలితిరిగినదని యర్థము.

నాల్గవది: ముందుచక్రమును తిన్నగ నుంచి, స్వింగ్ ఆర్మ్ పెద్దబోల్టు నడిబిందువునుండి ముందుఇరుసు నడిబిందువువఱకు కుడిప్రక్కను, ఎడమప్రక్కను కొలువవలయును. రెండును సమముగ నుండవలయును. ఆ పిమ్మట రెండుచక్రముల ఇరుసుల నడిమి దూరమును బండితో వచ్చిన పుస్తకములోని యంకెతో పోల్చవలయును. స్ప్లెండర్ ప్లస్‌కు ఈ దూరము 1236 మిల్లీమీటర్లు. చెయిను సవరింపునుబట్టి కొంత తేడా యుండుట సహజము; రెండు మూడు సెంటీమీటర్లు తగ్గినచో ముందుభాగము వెనుకకు నెట్టబడినదని తెలియవలయును. పుస్తకము లేనివారు ఇరుగుపొరుగున నున్న అదే రకపు బండి తెప్పించి, టైరునకును ముందుగొట్టమునకును నడుమగల సందును పోల్చిచూచుకొనవచ్చును.

ఈ కొలతలు వంపు కలదని చెప్పును గాని, ఫోర్కులోనున్నదో చట్రములోనున్నదో చెప్పజాలవు. అందుకై ఫోర్కుగొట్టములను విప్పించి, దళసరి గాజుపలకపై దొర్లింపవలయును. తిన్నని గొట్టము నిశ్చలముగ దొర్లును; వంగినది ఎగిరిపడును, క్రింద వెలుగు కనబడును. పట్టులను, హ్యాండిలుకాడను మెకానిక్కు పరీక్షింపవలయును. తిన్ననివని రూఢియైన ఫోర్కును, చక్రమును ఎక్కించి మరల దారము పట్టినపుడు తేడా మాయమైనచో దోషము ఫోర్కుదే, చట్రము నిర్దోషి. తేడా నిలిచియున్నచో దోషము చట్రమునందున్నది.

ఈ వరుస పాటింపనందున కలుగు నష్టమునకు మేము చూచిన యొక దృష్టాంతము చెప్పెదము. పాలు పోయు సభ్యుడొకడు తూముగోడను గుద్దుకొనెను. ఫోర్కు మార్పించెను, బండి ఎడమకు లాగుచునే యుండెను. టైరు మార్పించెను, గుణము లేదు. కోన్ సెట్టు మార్పించెను. అప్పటికిని గుణము లేదు. తుదకు మా యెదుట దారము పట్టగా, ముందుచక్రము తిన్నగ నిలిచియు, నడిమినుండి ఒక వ్రేలివెడల్పు ఎడమకు తొలగియుండెను. టాంకు విప్పగా తలవెనుక గొట్టము మీద ముడుత కనబడెను. మూడుమార్లు పెట్టిన వ్యయము వ్యర్థమగుటయే కాక, అన్నినాళ్లును నలువదిలీటర్ల పాలతో అతడు ఆ బండిమీదనే తిరిగెను. మొదటిదినముననే ఒక గంట కొలతకు వెచ్చించియుండిన ఈ రెండు కష్టములును తప్పియుండును.

కాల్చి కొట్టించరాదు

చట్రమును ఎఱ్ఱగ కాల్చి, గడ్డపాఱతో ఎత్తి, సుత్తితో కొట్టి తిన్నచేయుట పలుచోట్ల జరుగుచున్నది. చూపునకు తిన్ననైనను ఇది మిక్కిలి హానికరము. ఇనుపతీగను ఒకచోటనే అటునిటు వంచినచో నాలుగైదుమార్లకు తెగిపోవుట మన మెఱుగుదుము. వంగిన గొట్టమును మరల వంచుటయు అట్టిదే. ముడుతపడినచోట లోహము ఒకప్రక్క సాగి, ఒకప్రక్క నలిగి యుండును. సుత్తి ఆ ముడుతను మఱుగుపఱచును గాని పోగొట్టజాలదు.

నిప్పు చేయు కీడు వేఱు. కొడవలిని పొయ్యిలో మఱచినచో పదును దిగిపోవును గదా. బలమునకై ప్రత్యేకముగ చేయబడిన ఉక్కుగొట్టమును కాల్చినపుడు దాని బలమును అట్లే దిగిపోవును. కాలినచోట పొరలు రాలి గొట్టము పలుచనగును. ఖరీదుగల కొన్ని బండ్లకు అల్యూమినియపు మిశ్రలోహముతో చట్రములు చేయుచున్నారు. ఆ లోహము ఎఱ్ఱబడకయే బలము కోల్పోవును. కరుగువఱకు రంగు మారి హెచ్చరింపదు. దానిని ఎన్నడును కాల్పరాదు. పగిలినచోట పైన వెల్డింగు పూసి రంగు వేయుటయు నిట్టిదే. పగులుకొన కనిపెట్టక పూసినచో నది లోపల ప్రాకుచు, బరువుతో గోతిలో పడిన దినమున తెగును.

చట్రమును సరిచేయుటకు తగిన పద్ధతి లేకపోలేదు. ఇంజను, చక్రములు, తీగలు అన్నియు విప్పి, వట్టి చట్రమును కొలతలుగల గట్టి ఇనుపపీఠముపై తలకడను, పెద్దబోల్టుకడను బిగించి, హైడ్రాలిక్ జాకీతో చల్లగనే మెల్లమెల్లగ లాగుదురు. లోహమునకు వెనుకకు పోవు గుణముండుటచే కొంచెమధికముగ లాగి విడిచి, మరల కొలుతురు. పిమ్మట రంగుద్రవము పూసి పగుళ్లు పరీక్షింతురు. ఇట్టి పీఠము, కొలతలు లేనిచోట ఈ పనికి ఒప్పుకొనరాదు. “పూర్వపు కొలత యెంత? ఇప్పటి కొలత యెంత?” అని పనివానిని అడుగుడు. అంకె చెప్పజాలనివానికి మీ ప్రాణము నప్పగింపకుడు.

మూడువిధముల తీర్పు

కొలతలు ముగిసిన పిమ్మట తీర్పు ఈ విధముగ నుండవలయును.

ఒకటి: తల, పెద్దబోల్టు స్థానము చెడక, కాలిపెడల పట్టు, స్టాండుపట్టు, సీటు క్రింది కొనభాగము మాత్రము వంగినచో, నేర్పరియగు పనివానిచే సరిచేయించుకొనవచ్చును.

రెండు: తల స్వల్పముగ జరిగి, ముడుత గాని పగులు గాని లేనిచో, పైన చెప్పిన పీఠముగల కార్ఖానాలో మాత్రమే సరిచేయింపవచ్చును. అయినను బండి చేసిన కంపెనీవారి మరమ్మతుపుస్తకములలో వంగిన చట్రమును మార్చవలయుననియే సాధారణముగ వ్రాయబడియుండును. కావున మార్చుటకు శక్తిగలవారు మార్చుటయే మేలు.

మూడు: గొట్టము ముడుతపడినను, పగిలినను, తల మెలితిరిగినను, పెద్దబోల్టు రంధ్రము సాగినను, పూర్వ మెవరో కాల్చి కొట్టినట్లు కనబడినను, చట్రమును మార్చితీరవలయును. ఇందు బేరము లేదు.

చాసీ సంఖ్య, చట్టము

చట్రమును మార్చుట ఫోర్కును మార్చుటవంటిది కాదు. బండికి గుర్తు చాసీ సంఖ్య. ఇప్పటి బండ్లకు నది 17 అక్షరములు, అంకెలు గల సంఖ్య. సాధారణముగ చట్రపు తలమీదనే కొట్టబడియుండును. అదే సంఖ్య ఆర్‌సీలోను, బీమాపత్రములోను ఉండును. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, ఆర్‌సీలోని వివరములకు భిన్నముగ బండిని మార్చరాదు. కావున క్రొత్త చట్రమును కంపెనీవారి అధికారిక విక్రేత ద్వారా బిల్లుతో కొని, పని ప్రారంభించుటకు ముందే రవాణాశాఖ కార్యాలయమున విచారించి, వారు చెప్పినట్లు తనిఖీ చేయించి, ఆర్‌సీలో నమోదు చేయించుకొనవలయును. పాత చట్రమును వారు చెప్పువఱకు పాఱవేయరాదు.

తుక్కుదుకాణములలో అగ్గువకు దొరకు చట్రములను కొనరాదు. వాని మీద మఱియొకరి సంఖ్య యుండును. అది దొంగిలింపబడిన బండిదైనచో నిరపరాధియగు రైతు పోలీసుస్టేషను మెట్లెక్కవలసివచ్చును. సంఖ్యను అరగదీసి మీ సంఖ్య కొట్టెదమనువారి మాట చెవిని బెట్టరాదు, అది నేరము. అదిగాక తుక్కుకు వచ్చిన చట్రము కూడ ఏ ప్రమాదమున వంగి వచ్చినదో ఎవరికెఱుక?

బీమా లెక్క

చట్టప్రకారము ప్రతిబండికిని ఉండవలసిన మూడవపక్షపు బీమా ఇతరులకు కలిగిన నష్టమునకే గాని, మన బండి మరమ్మతునకు ఒక్క రూపాయియు నీయదు. సొంతనష్టపు బీమా యున్నవారు సర్వేయరు చూడకముందు బండిని విప్పరాదు. సాధారణ బీమాపత్రములలో ఇనుపభాగములపై బండి వయస్సునుబట్టి తగ్గింపు కలదు. ఆఱునెలలలోపు తగ్గింపు లేదు; ఏడాదిలోపు నూటికి 5; రెండవయేట 10; మూడవయేట 15; నాల్గవయేట 25; అయిదవయేట 35; అటుపైన పదేండ్లవఱకు 40; పదేండ్లు దాటినచో 50. ఆ భాగము మన చేతినుండి పెట్టుకొనవలసినదే.

మఱియొక నియమము కలదు. మరమ్మతు వ్యయము బీమాపత్రములో వ్రాసిన బండివిలువలో నూటికి 75 వంతులు దాటినచో, బండి పూర్తిగ నష్టమైనట్లు లెక్కింతురు. బండివిలువ 40,000 రూపాయలైనచో, మరమ్మతు 30,000 రూపాయలు దాటగనే ఈ నియమము వర్తించును. చట్రము మార్పు, ఫోర్కు, రిమ్ము, కూలి అన్నియు చేరినపుడు పాతబండ్లకు ఈ హద్దు దాటుట సులభము. అట్టిచో అరకొర మరమ్మతు చేయించుటకంటె బీమాసొమ్ము తీసికొని వేఱుబండి కొనుట లాభము. అప్పుమీద కొన్న బండియైనచో అప్పిచ్చినవారికి ముందుగ తెలుపవలయును. బీమాసొమ్ములో బాకీమేరకు మొదటిహక్కు వారిదే.

పని ముగిసిన పిమ్మట

బండి తిరిగివచ్చిన దినమున దారపుపరీక్ష మరల చేయుడు. ఖాళీరోడ్డుపై, ఒంటరిగ, బరువు లేక, నెమ్మదిగ నడపి చూడుడు. రెండుచేతులును విడిచి పరీక్షింపరాదు. వంద కిలోమీటర్లు నడచిన పిమ్మట ఇంజనుబోల్టులు, ఫోర్కుబోల్టులు, కోన్ సెట్టు మరల బిగింపించుకొనవలయును. పాతబండి కొనబోవువారికిని ఈ సంగతులే చాలును. తలవెనుక రంగు చూడుడు, దారము పట్టుడు, చాసీ సంఖ్యను ఆర్‌సీతో పోల్చుడు. ఈ మూడింటికి ఒప్పుకొనని యమ్మకపువానియొద్ద కొనకుడు.

రైతుసోదరులారా! పొలము సర్వేరాళ్లను గట్టు తగవు వచ్చిన తరువాత వెదకుటకంటె, తగవు లేనప్పుడే గుర్తు వ్రాసియుంచుకొనుట తెలివి. బండికిని అంతే. మీ బండి బాగున్న ఈ దినముననే ఇరుసుల నడిమి దూరము, కుడియెడమల కొలతలు, టైరునకును ముందుగొట్టమునకును నడుమగల సందు, ఈ నాలుగంకెలను కొలిచి బీమాపత్రపు వెనుక వ్రాసికొనుడు. ఒకే రకపు బండ్లుగల సభ్యులు నలుగురు చేరి సంఘపు గచ్చుమీద ఒక పూటలో ఈ పని ముగింపవచ్చును. దెబ్బ తగిలిన దినమున ఆ నాలుగంకెలే మీకు సాక్ష్యము పలుకును.